మెమరీ కార్డేల చెడును?

అరచేతిలో ఇముడునంతటి చిన్న కంప్యూటర్లలో లోకమున మిక్కిలి ప్రచారము గాంచినది రాస్ప్‌బెర్రీ పై. బాలబాలికలకు కంప్యూటరు శాస్త్రమును చవకగా, స్వయముగా చేసి నేర్చుకొనునట్లు అందింపవలెనను సంకల్పముతో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్ ప్రభృతులు నెలకొల్పిన సంస్థ 2012 ఫిబ్రవరి 29వ తేదీన దీనిని విపణిలోనికి తెచ్చినప్పుడు దాని వెల 35 డాలర్లు మాత్రమే. అంత స్వల్పమైన వెలకు పూర్ణమైన కంప్యూటరు లభించుటకు గల కారణములలో ఒకటి, దానికి తనదైన హార్డుడిస్కు లేకపోవుట. కెమెరాలకును, ఫోన్లకును వాడుకలోనున్న మెమరీ కార్డునే అది తన సర్వస్వముగా గైకొన్నది. ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రాములు, సేకరించిన సమాచారము, మనము పెట్టుకొన్న పాస్‌వర్డులు మొదలుగా సమస్తమును ఆ గోరంత కార్డునందే నివసించును.

ఇంజనీరింగు విద్యార్థులు చివరి సంవత్సరపు ప్రాజెక్టుకై దీనిని వాడుచున్నారు; కొందఱు ఇంటి ముంగిట కెమెరాకు, కొందఱు తోటలో నేల తేమను కొలుచుటకు, మఱి కొందఱు ఇంటిలోని దీపములను, పంకాలను ఫోను నుండి నడుపుకొనుటకు వినియోగించుచున్నారు. నెలల తరబడి యెవరి దృష్టియు పడకుండ నమ్మకముగా పనిచేసిన ఈ యంత్రము ఒకనాటి ఉదయమున లేవకపోవును. ఎఱ్ఱదీపము వెలుగుచునే యుండును గాని, కార్డును చదువుచున్నట్లు తెలుపవలసిన ఆకుపచ్చ దీపము నిశ్చలముగా నుండును. "కార్డు పోయింది" అనుకొని యజమాని అంగడికి పోయి క్రొత్త కార్డు కొని తెచ్చి, అన్నియు మొదటి నుండి అమర్చుకొనును; కొంతకాలమునకు ఆ రెండవదియు మొదటిదాని దారినే పట్టును. కార్డును మార్చెనే కాని కారణమును మార్చలేదు గనుక ఇట్లు జరుగుచున్నది. నా అభిప్రాయమున ఇందలి అపరాధములో పెద్ద భాగము రెండింటిది: మధ్యలో తెగిపోయిన వ్రాత యొకటి, అక్కఱ లేని వ్రాత మఱియొకటి. ఈ రెండును మన చేతిలోనివే.

కార్డు లోపల జరుగుచున్నదేమో కొంత తెలిసికొన్నగాని ఈ మాట యెంత నిజమో బోధపడదు. జపాను దేశపు తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా 1980వ దశాబ్దమున ఫ్లాష్ మెమరీని కనిపెట్టెను. నేటి కార్డులన్నింటికిని ఆధారమైన నాండ్ ఫ్లాష్ అను రకమును 1987లో ప్రకటించెను. పదునెండేండ్ల తరువాత, 1999లో, తోషిబా, మత్సుషితా, శాన్‌డిస్క్ సంస్థలు కలిసి ఎస్.డి. కార్డును రూపొందించినవి. ఈ ఫ్లాష్‌లో సమాచారమనగా సూక్ష్మాతిసూక్ష్మమైన గదులలో బంధింపబడిన ఎలక్ట్రానులే. గదికి చుట్టునున్న విద్యున్నిరోధకమైన పలుచని పొర గుండ ఎలక్ట్రానులను హెచ్చు వోల్టేజితో లోనికి నెట్టుట వ్రాత, వెలికి లాగుట చెఱపుట. ఈ రాకపోకల వలన ఆ పొర క్రమముగా అరిగిపోవును. అరిగిన పొర ఎలక్ట్రానులను పట్టి యుంచజాలదు. గదికి ఒక్క బిట్టు మాత్రమే దాచు పాత రకము సుమారు లక్ష పర్యాయములు చెఱపి వ్రాయుటకు తట్టుకొనెడిది. ఒక్కొక్క గదిలో మూడు బిట్లను కుక్కు నేటి చవుక రకము వేయి పర్యాయములకు అటునిటుగా మాత్రమే ఓర్చుకొనును. వెల తగ్గుటకు మనము చెల్లించిన మూల్యము ఇదియే.

ఇంకొక చిక్కు కలదు. ఈ గదులను ఒక్కొక్కటిగా చెఱపుటకు వీలు లేదు. వ్రాయునది కొన్ని కిలోబైట్ల పుటగా, చెఱపునది అట్టి పుటలు వందల కొలది చేరిన పెద్ద ఖండముగా నుండును. వ్రాసిన పుటపై మరల వ్రాయవలెనన్నచో ఖండమంతయు చెఱపవలయును. కావున కార్డులోనే ఒక చిన్న కంట్రోలరు కూర్చుండి, క్రొత్త వ్రాతను ఎక్కడనో ఖాళీ పుటలో పెట్టి, "ఫలానా సమాచారము ఇప్పుడు ఫలానా చోట నున్నది" అను పట్టికను ఎప్పటికప్పుడు సవరించుకొనుచు, అరుగుదల ఒక్కచోటనే పడక అంతటను సమముగా పంచబడునట్లు చూచుచుండును. మన కంప్యూటరు చూచు కార్డు వేఱు, లోపలి యథార్థమైన కార్డు వేఱు. రెండింటికిని సంబంధము ఆ పట్టిక ఒక్కటే.

అక్కఱ లేని వ్రాత యనగా నెంత యుండునో ఒక లెక్క వేసి చూతము. తోటలోని మన యంత్రము సెకనుకొక పర్యాయము నూఱు అక్షరముల కొలత నొకదానిని కార్డుపై వ్రాసి, వెంటనే స్థిరపఱచుమని కోరుచున్నదనుకొందము. దినమునకు 86,400 సెకన్లు. నిజమైన సమాచారము 8.6 మెగాబైట్లు మాత్రమే. కాని కార్డుపై ఫైళ్లను అమర్చు ఫైల్ సిస్టమ్ నాలుగు కిలోబైట్లకు తక్కువగా వ్రాయదు గనుక అది కనీసము 354 మెగాబైట్లగును, అనగా సుమారు నలువదియొక్క రెట్లు. ఫైలు పొడవు మాఱినదనియు, వేళ మాఱినదనియు వ్రాయు గుర్తులు దీనిపై అదనము. కంట్రోలరు తన పట్టిక కొఱకును, ఖండములను ఖాళీ చేయుటకై పాత పుటలను తరలించుట కొఱకును చేయు వ్రాత మఱియు అదనము. కెమెరాలో నుండు కార్డు పండుగకో పెండ్లికో నిండును. చిన్న కంప్యూటరులోని కార్డునకు మాత్రము విశ్రాంతి యన్నదే లేదు.

అరుగుదల నెమ్మదిగా చంపును. కరెంటు పోవుట ఒక్క క్షణములో చంపును. ఈ యంత్రపు ఆపరేటింగ్ సిస్టమైన లినక్సు వాడు ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌నకు ఈ ప్రమాదము తెలియును. వర్తకుడు ఏ పద్దునైనను ముందు చిట్టాలో వ్రాసికొని తరువాత ఆవర్జాకు ఎక్కించునట్లు, అది చేయబోవు మార్పును ముందుగా జర్నల్ అను చోట నమోదు చేసి, అటుపిమ్మట అసలు చోట వ్రాయును. మధ్యలో కరెంటు పోయినను తిరిగి లేచునప్పుడు చిట్టాను చూచి సగములో ఆగిన పనిని సరిపుచ్చుకొనును. ఇది గొప్ప యేర్పాటే. అయితే దీనికి రెండు హద్దులున్నవి. మామూలు అమరికలో జర్నల్ కాపాడునది ఫైళ్ల పేర్లు, స్థానములు, పొడవులు మొదలైన నిర్మాణమును మాత్రమే. లోపలి సమాచారము కొన్ని క్షణముల పాటు, ఒక్కొక్కప్పుడు అరనిమిషము పాటు, ర్యామ్‌లోనే నిలిచియుండి కరెంటుతో పాటు మాయము కావచ్చును. రెండవది ఇంతకంటె ఘోరమైనది. "వ్రాసితిని" అని కార్డు చెప్పిన మాటను ఫైల్ సిస్టమ్ నమ్మును. కాని ఆ క్షణమున కంట్రోలరు తన పట్టికను సవరించుచునో, పాత పుటలను తరలించుచునో ఉండవచ్చును. అప్పుడు విద్యుత్తు తెగినచో చెడునది మనము వ్రాయుచున్న ఫైలొక్కటే గాదు. ఒకే గదిలో రెండు మూడు బిట్లను దాచు కార్డులలో, సగము వ్రాసిన పుట తనతో గదిని పంచుకొన్న పాత పుటను గూడ పాడు చేయగలదు. ఏడాదిగా ఎవరును ముట్టని సిస్టమ్ ఫైలు హఠాత్తుగా ఎందులకు చెడిపోయినదని విస్తుపోవువారికి సమాధానమిదే. బాహ్యమున నున్న ఏ చిట్టాకును ఈ లోపలి నష్టము తెలియదు.

కరెంటు పూర్తిగా పోనక్కఱ లేదు, తగ్గినను చాలును. రాస్ప్‌బెర్రీ పైకి కావలసినది 5 వోల్టులు. అది సుమారు 4.63 వోల్టులకు దిగగానే యంత్రము హెచ్చరించును. ఇంటిలో నున్న పాత ఫోను చార్జరును, సన్నని పొడవైన కేబులును తగిలించినామనుకొందము. కేబులు తీగెల నిరోధము రానుపోను కలిపి 0.2 ఓములైనచో, యంత్రము 2 ఆంపియర్లు లాగునప్పుడు 0.4 వోల్టులు ఆ తీగెలోనే వ్యయమై, యంత్రమునకు చేరునది 4.6 మాత్రమే. చార్జరు మంచిదే, కార్డు మంచిదే. నడుమ కేబులు వలన పని చెడినది. మూడవ తరము యంత్రమునకు రెండున్నర ఆంపియర్లు, 2019లో వచ్చిన నాలుగవదానికి 3, 2023లో వచ్చిన అయిదవదానికి 5 ఆంపియర్లు ఈయగల అడాప్టర్లను తయారీదారులు నిర్ణయించియుండుటయు, వాని వోల్టేజిని 5 గాక 5.1గా పెట్టుటయు ఇందులకే.

కనుక యంత్రము మొరాయించినప్పుడు మొదటి అనుమానము కార్డుపై గాక కరెంటుపై ఉండవలెనని నా దృఢమైన సలహా. తెరకు కుడివైపున పైమూలలో పసుపుపచ్చని మెఱుపు గుర్తు కానవచ్చినచో అది వోల్టేజి తగ్గినదన్న నోటీసు. తెర లేని యంత్రమునకు టెర్మినల్‌లో 'వీసీజెన్‌సీఎండీ' అను ఆదేశముతో 'గెట్ థ్రాటిల్డ్' అని అడిగినచో ఒక సంఖ్యను తెలుపును. అది సున్నయైనచో నిశ్చింత. 50000 అని వచ్చినచో, యంత్రము లేచినప్పటి నుండి ఎప్పుడో ఒకప్పుడు వోల్టేజి పడిపోయి, దాని కారణమున వేగము తగ్గింపబడినదని అర్థము. 50005 అని వచ్చినచో అప్పుడు జరిగినదే ఈ క్షణమునను జరుగుచున్నది. ఆ చివరి 5ను చూచిన తరువాత, కేబులును అడాప్టరును మార్చక క్రొత్త కార్డు కొనుట ధనవ్యయము మాత్రమే.

కరెంటు నిర్దోషియని తేలిన పిదప కార్డును పరీక్షింపవచ్చును. పాత తరముల యంత్రములలో ఆకుపచ్చ దీపము నాలుగు మాఱులు మినుకుమనుచున్నచో బూట్ భాగములోని 'స్టార్ట్.ఈఎల్ఎఫ్' అను ఫైలు దొరకలేదనియు, ఏడు మాఱులైనచో ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ దొరకలేదనియు గుర్తు. నాలుగవ తరము మొదలు బోర్డు మీదనే బూట్‌లోడర్ ఉన్నది గనుక కార్డు చదువబడకున్నను తెరపై కారణము కనబడును. యంత్రము లేచియు తడబడుచున్నచో, కెర్నెల్ సందేశములలో 'ఎంఎంసీ0' అను పేరుతో మైనస్ 110 అను దోషసంఖ్య కనబడునేమో చూడవలయును. అది అడిగిన వేళకు కార్డు బదులీయలేదనుటకు సంకేతము. దోషమును గుర్తించిన లినక్సు, నష్టము పెరుగకుండుటకై కొన్ని మాఱులు కార్డును చదువుటకు మాత్రమే అనుమతించి వ్రాతను నిలిపివేయును. వీటన్నింటిలో మనుష్యులను మిక్కిలి భ్రమపెట్టు లక్షణమొకటి కలదు. ఒక ఫైలును తొలగింతుము, తొలగినట్లే కనబడును. యంత్రమును ఆపి లేపినచో అది యథాస్థానమున మరల ప్రత్యక్షమగును. కార్డును పూర్తిగా ఫార్మాట్ చేసినను పాత ఫైళ్లన్నియు తిరిగి వచ్చును. వైరస్ అని కొందఱు భయపడుదురు. ఇది వైరస్ కాదు. వ్రాయదగిన ఖండములు అయిపోయిన కంట్రోలరు ఇక వ్రాతను స్వీకరింపక, ఉన్నదానిని మాత్రము చదువనిచ్చుచున్నది. అట్టి కార్డునకు చికిత్స లేదు గాని, దానిలోని సమాచారమును నెమ్మదిగా నకలు తీసికొనుటకు అదే మంచి అవకాశము.

నకలు సంగతి వచ్చినది గనుక, చెడిన కార్డును చేత బట్టుకొన్న మొదటి గంటలో చేయదగని పనులను ముందు చెప్పెదను. దానిని పదేపదే బూట్ చేయరాదు. ప్రతి ప్రయత్నమును దానిపై ఏదో ఒకటి వ్రాయుచునే యుండును. విండోసు కంప్యూటరులో పెట్టి చూచినప్పుడు మఱియు జాగరూకత వలయును. ఈ కార్డునందు రెండు భాగములుండును: మొదటిది విండోసు చదువగల చిన్న ఫ్యాట్ భాగము, రెండవది, మన సమాచారమంతయు నున్నది, విండోసు తనంతట చదువలేని ఈఎక్స్‌టీ4 భాగము. తాను చదువలేనిదానిని చూడగానే విండోసు "ఈ డిస్కును ఫార్మాట్ చేయవలెనా?" అని అడుగును. ఏ దోషమును లేని కార్డును పెట్టినను అట్లే అడుగును. ఆ ప్రశ్నకు అవునన్న వారి సమాచారము, కార్డు చెడుట వలన గాక వారి వ్రేలి వలననే పోయినది. కాదని మూసివేయవలెను.

లినక్సు గల కంప్యూటరు వేఱొకటి లేకున్నను చింత లేదు. క్రొత్త కార్డుతో లేచిన అదే రాస్ప్‌బెర్రీ పైకి యు.ఎస్.బి. కార్డ్ రీడరు ద్వారా పాత కార్డును తగిలింపవచ్చును. ముందుగా 'డీడీరెస్క్యూ' అను పనిముట్టుతో కార్డునంతటిని ఒక ఫైలుగా నకలు తీయవలయును. అది సులభముగా వచ్చు భాగములను ముందు తీసికొని, మొండికెత్తిన చోట్లకు తరువాత మరల వచ్చును, ఎక్కడ ఆగినదియు గుర్తుంచుకొనును. మరమ్మతు చేయునది ఆ నకలు మీదనే గాని అసలు కార్డు మీద గాదు. ఫైల్ సిస్టమ్‌ను సరిచేయు 'ఎఫ్ఎస్‌సీకే' ముఖ్యపుటయైన సూపర్‌బ్లాకే చెడినదని మొఱపెట్టినచో నిరాశపడనక్కఱ లేదు. ఈఎక్స్‌టీ4 దాని ప్రతులను వేర్వేఱు చోట్ల దాచియుంచును, సాధారణముగా 32768వ బ్లాకులో నొకటి దొరకును. దానిని ఆధారముగా తీసికొమ్మని చెప్పినచో ఎన్నో మాఱులు సమాచారమంతయు తిరిగి వచ్చును.

కొనునప్పుడు మోసపోకుండుట మఱొక రక్ష. 8 గిగాబైట్ల కార్డుకు 128 అని చెప్పునట్లు కంట్రోలరును మార్చి అమ్ము నకిలీలు అంగళ్లలోను, ఆన్‌లైన్‌లోను లేకపోలేదు. ఎనిమిది నిండువఱకు అవి సత్యసంధముగా ప్రవర్తించి, ఆ మీద వ్రాసినదానిని మ్రింగివేయును. 'ఎఫ్3' అను ఉచితమైన పనిముట్టు కార్డును ఆసాంతము నింపి, నింపినదానిని తిరిగి చదివి సరిచూచును. ఏ కార్డునైనను పనిలో పెట్టుటకు ముందు ఒక్క పర్యాయము ఈ పరీక్ష చేయుట మేలు. పెట్టెపైనున్న ఏ1, ఏ2 అను గుర్తులు చిన్నచిన్న చదువు-వ్రాతల వేగమును తెలుపునవి. ఆయుర్దాయమును గుఱించి అవి ఏమియు చెప్పవు. అహోరాత్రము వ్రాయు కెమెరాలకై చేసిన 'ఎండ్యూరెన్స్' రకములు ఎక్కువ కాలము మన్నును. అవసరమునకు రెండు మూడు రెట్లు పెద్ద కార్డును కొని సగము ఖాళీగా నుంచినను, అరుగుదల ఎక్కువ చోటున పంచుకొనబడి ఆయువు పెరుగును.

ఇంతకంటె శ్రేష్ఠమైన ఉపాయము వ్రాతనే తగ్గించుట. మన తోటలోని యంత్రము కొలతలను ర్యామ్‌లో కూడబెట్టి పది నిమిషములకొక పర్యాయము వ్రాసినచో, 600 వ్రాతలు ఒక్కటిగా మాఱును. కరెంటు పోయినచో నష్టమగునది పది నిమిషముల కొలతలు మాత్రమే, నేల తేమకు ఆ నష్టము లెక్కింపదగినది గాదు. సిస్టమ్ దినచర్యను వ్రాయు లాగ్‌లను 'లాగ్2ర్యామ్' వంటి సాధనముతో ర్యామ్‌లో ఉంచి అప్పుడప్పుడు కార్డునకు దింపవచ్చును. ఫైలును చదివిన వేళను నమోదు చేయు అలవాటును 'నోఏటైమ్' అను ఒక్క మాటతో మాన్పింపవచ్చును. ర్యామ్ చాలినంత యున్నచోట ర్యామ్ కొఱతపడినప్పుడు కార్డుపై వాడు స్వాప్‌ను నిలిపివేయవచ్చును. ఒక్క పనినే మార్పు లేకుండ చేయు యంత్రములకు, అనగా ప్రకటనల తెరకో, బడిలో పాఠములు చూపు పెట్టెకో, ఓవర్‌లే ఫైల్ సిస్టమ్‌ను మించిన రక్షణ లేదు. రాస్ప్‌బెర్రీ పై అమరికల పట్టికయైన 'రాస్పీ-కాన్ఫిగ్'లో పెర్ఫార్మెన్స్ విభాగమున ఇది లభించును. దానిని పెట్టిన క్షణము నుండి ఆ భాగముపై వ్రాతయనునది ఉండదు; మార్పులన్నియు ర్యామ్‌లో జరిగి, ఆపగానే సమసిపోవును. నిజముగా నిలుపవలసిన మార్పున్నప్పుడు ఓవర్‌లేను తీసివేసి, పని ముగించి, మరల పెట్టవలయును. ఎవరు ఎప్పుడు ప్లగ్గు పీకుదురో తెలియని తరగతి గదిలో ఈ యేర్పాటు లేకుండ యంత్రమును పెట్టుట నాకు సమ్మతము గాదు.

వేసవిలో చెప్పకుండ కరెంటు పోవు ఊళ్లలో బ్యాటరీ ఆధారము అవశ్యము. ఇందులకు పవర్‌బ్యాంకు చాలునని పలువురు తలంతురు. కాని చాలా పవర్‌బ్యాంకులు చార్జింగు ఆగిన క్షణమున తమ సరఫరాను ఒక లిప్తపాటు నిలిపి మరల మొదలిడును, ఆ లిప్తపాటు యంత్రము ఆగిపోవుటకు చాలును. బోర్డుపై అమరు యు.పి.ఎస్. హ్యాట్‌లు ఇందులకై చేయబడినవి. వానిలో మేలైనవి కరెంటు పోయిన సంగతిని యంత్రమునకు తెలిపి, బ్యాటరీ అడుగంటకమునుపే దానంతట అది సక్రమముగా ఆగునట్లు చేయును. అయిదవ తరమునకు పవర్ బటన్ వచ్చినది. అంతకు పూర్వపు వానికి 'పవర్‌ఆఫ్' అని ఆదేశమిచ్చి, ఆకుపచ్చ దీపము మినుకుట మానిన పిదపనే తీగె తీయవలయును.

డేటాబేసులు నడుపువారు, అహోరాత్రము వ్రాయు పనులవారు కార్డును విడిచి యు.ఎస్.బి. ద్వారా ఎస్.ఎస్.డి.కి మాఱుట ఉచితము. మూడవ తరము మొదలు ఈ యంత్రములు దాని నుండి బూట్ కాగలవు. కార్డుతోనే గడుపువారు మాత్రము, అన్నియు సక్రమముగా నడుచుచున్న నాడే, మెనూలో నున్న 'ఎస్‌డీ కార్డ్ కాపియర్'తో రెండవ కార్డుపైకి నకలు తీసి, అసలును తీసివేసి నకలుతో ఒక్క పర్యాయము యంత్రమును లేపి చూడవలెను. లేవని నకలు అక్కఱకు రాదు. లేచిన నకలు కవరుపై తేదీ వ్రాసి, యంత్రము పెట్టెకే అతికించి యుంచినచో, కార్డు పోయిననాడు ఊరిలో దాని సంగతి తెలియని మనుష్యుడైనను కార్డు మార్చి యంత్రమును నడిపింపగలడు.